ఊఁ ఆగిన చోట

ఈ భూమ్మీద పిల్లల మనసు పూర్తిగా తెలిసింది ఇద్దరికే, ఒకరు బ్రహ్మదేవుడు, రెండోవాణ్ణి నేను అని కౌండిన్య అంటూ ఉండేవాడు. బ్రహ్మదేవుడి సంగతి మనకు తెలీదు. కౌండిన్య మాత్రం పిల్లల్ని దగ్గరగా చూసింది అపార్ట్‌మెంటు లిఫ్టులోనే. అక్కడ కూడా ఒక పాప అతణ్ణి తేరిపార చూసి, వాళ్ళమ్మ చున్నీ వెనక దాక్కుంది.

అయితేనేం, అతని దగ్గర డేటా ఉంది.

కౌండిన్య పనిచేసేది విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా కొండవాలులో ఉన్న ఒక చిన్న స్టార్టప్‌లో. ఇక చిన్నది అనకూడదేమో. మొన్నమొన్నటిదాకా చెప్పుల షాపు మేడ మీద ఒక గదిలో ఉండేది. ఇప్పుడు అద్దాల మేడలో ఒక అంతస్తంతా తీసుకుంది. అట్టపెట్టెల్లోంచి కొత్త కుర్చీలు దిగుతూనే ఉన్నాయి. పొద్దున పూట మంచు కొండ మీదికి ఎక్కి వచ్చి అద్దాలకి ఆనుకుని నిలబడితే, ఆఫీసు మొత్తం మబ్బులో తేలుతున్నట్టు ఉండేది. లోపలున్న వాళ్ళెవరూ తలెత్తి చూసేవాళ్ళు కారు.

వాళ్ళ యాప్ పేరు ‘ఊకొట్టు’. పిల్లలు కథలు వింటూ తెలుగు మాటలు నేర్చుకోవాలని దాన్ని చేశారు. ఫోను కాస్త కథ చెప్పి ఆగుతుంది. వింటున్నవాళ్ళు ఊఁ అనాలి. అంటే మళ్ళీ అందుకుంటుంది. ఊఁ వినబడకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. ఊరూరి నుంచీ ఆ ఊఁలన్నీ వచ్చి కౌండిన్య తెర మీద గీతలయ్యేవి. ఏ కథలో ఏ మాట దగ్గర పిల్లలు ఊఁ మానేస్తున్నారో అతను నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

యాప్‌ని కొంచెం మార్చడం, ఆ మార్పు ఫలించిందో లేదో గీతల్ని అడగడం, అవి చెప్పినదాన్ని బట్టి మళ్ళీ మార్చడం, ఇదీ వాళ్ళ పద్ధతి. ఒక్కో విడతకీ స్ప్రింట్ అని పేరు. స్ప్రింట్‌లో చేయాల్సిన పనులన్నీ పసుప్పచ్చ చీటీల మీద రాసి గోడ అద్దానికి అంటించేవాళ్ళు. చీటీ లేని పనిని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కారు. ఆ ఆఫీసులో తుమ్ము కూడా చీటీ రాశాకే వస్తుందని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు.

పోయిన స్ప్రింట్‌లో కౌండిన్య ఒక చిలకను కనిపెట్టాడు. ఊఁ ఆగగానే ఫోన్లోంచి ఆ చిలక, “ఏయ్, ఉన్నావా? వింటున్నావా?” అని కీచుమంటుంది. సగం మంది పిల్లలకి చిలకను ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా చూశారు. చిలక ఉన్న ఇళ్ళలో ఆగిపోయిన ఊఁలు మళ్ళీ మొదలయ్యాయి. గీత నిటారుగా లేచింది. ఆ రోజు కౌండిన్య ఆఫీసులో అందరికీ మాడుగుల హల్వా పంచి, మొత్తం పిల్లలందరికీ చిలకను ఇచ్చేద్దామన్నాడు.

తిరకాసు ఆ తరవాత వచ్చింది.

చిలక ఉన్న పిల్లలు ఆ పూట ఎక్కువసేపు విన్నారు గానీ, మర్నాటి నుంచి రావడం మానేశారు. కొన్ని ఇళ్ళలో యాప్‌నే తీసి పారేశారు. చిలక లేని పిల్లలు సగం కథ కూడా వినకుండా ఊఁ ఆపేస్తున్నారు, మళ్ళీ మర్నాడు ఠంచనుగా వస్తున్నారు.

“వినని వాళ్ళు వస్తున్నారు, విన్నవాళ్ళు రావట్లేదు. ఏంటిది కౌండిన్యా?” అంది ఝాన్సీ. కంపెనీ పెట్టింది ఆవిడే. “గీతలు ఏం చెబితే అది చేద్దాం. కానీ అవి ఏం చెప్తున్నాయో ముందు నువ్వు చెప్పు.”

కౌండిన్య గీతల ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. పిల్లలందరూ రాత్రి భోజనాలయ్యాకే వింటున్నారు. దానికి అతను ఎప్పుడో ప్రైమ్ టైమ్ అని పేరు పెట్టేశాడు. ఇక మిగిలింది గొంతు. అన్నిటికంటే తొందరగా ఊఁ ఆగిపోతున్న కథలన్నీ ఒకే గొంతువి. నీలవేణిగారివి.

నీలవేణి ఒకప్పుడు బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పేది. అక్కడ ఆమె గొంతు తీసేసి మిషన్ గొంతు పెట్టాక, ఇక్కడ కథలు చెప్పే పని దొరికింది. ఏ మాటనీ తొందరపెట్టని గొంతు అది. వానంటే భయపడే చేప కథ ఆమెదే. ఆ కథలో చేప వెళ్ళి తామరాకు కింద దూరే చోట, గీత కొండ చివరి నుంచి జారినట్టు కిందికి పడిపోయేది.

కౌండిన్య ఒక చీటీ మీద ‘నీలవేణి కథలు తీసివేత’ అని రాశాడు. కింద తన పేరు రాసుకున్నాడు. అద్దానికి అంటించాడు. మర్నాడు పొద్దున ఆమెకి చెప్పాలి.

బయటికి వస్తుంటే రికార్డింగు గది తలుపు దగ్గర ఆమే ఎదురైంది, వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని.

“ఏటి బాబూ, నా చేప ఎలగ ఈదుతోంది?”

“ఈదుతోందక్కా.”

“కొత్తది ఒకటి తయారు చేశాను. నత్తకి ఊరు చూడాలని ఉంటుంది. రేపు వినిపించీనా?”

“రేపు మాట్లాడదాం అక్కా” అని లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడు.

అలా దిగినవాడు బండి మీద భీమిలి దారి పట్టాడు. మౌలాలి మాస్టారు అక్కడ సముద్రం పక్కన ఒక పాత మేడ మీద ఉంటారు. కాలేజీలో కౌండిన్యకి స్టాటిస్టిక్స్ చెప్పింది ఆయనే. రిటైరయ్యాక ఎవరికీ ఏమీ చెప్పడం లేదని ఆయన అంటారు. దారి తోచనప్పుడల్లా కౌండిన్య వెళ్ళి ఆ ఏమీ చెప్పకపోవడాన్నే విని వస్తూ ఉండేవాడు.

ఆ మధ్యాహ్నం సన్నగా వాన పడుతోంది. సముద్రమూ ఆకాశమూ ఒకటే బూడిదరంగులో ఉన్నాయి. రెండూ కలిసే గీత ఎక్కడుందో తెలియడం లేదు.

“తిన్నావా?” అన్నారు మాస్టారు తలుపు తీస్తూనే.

“తిన్నాను మాస్టారూ.”

“ఏం తిన్నావు?”

కౌండిన్య గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. “బిస్కెట్లు.”

ఆయన కంచం పెట్టారు. వేడన్నం, చేపల పులుసు. కౌండిన్య ముద్ద కలుపుతూ ఒక్క క్షణం ఆగాడు.

“ఇది మీ నీలవేణిగారి చేప కాదులే. తిను.”

“ఆ కథ మీకెలా తెలుసు?”

“మా మనవరాలు వింటుంది.”

కౌండిన్యకి ప్రాణం లేచొచ్చింది. “అయితే మీరే చెప్పండి. పిల్ల మధ్యలో ఎందుకు మానేస్తుంది? ఎప్పుడైనా అడిగారా?”

“అడగాలనే అనుకుంటాను. వీలు పడదు” అంటూ మాస్టారు ఇంకాస్త పులుసు వడ్డించారు.

భోజనం అయ్యాక కౌండిన్య ల్యాప్‌టాప్ తెరిచి గీతలు చూపించాడు. చిలకను చూపించాడు. గొంతు మార్చేస్తే అంతా సర్దుకుంటుందన్నాడు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, తామరాకు దగ్గర పడిపోతున్న గీత మీద వేలు పెట్టారు.

“ఇక్కడ ఏమైంది?”

“పిల్లలకి విసుగొచ్చింది.”

“ఊఁ ఆగిందని కనబడుతోంది. విసుగు ఎక్కడుందిరా ఇందులో? నాకు కళ్ళజోడు మార్చాలేమో.”

“అంటే... ఊఁ ఆగిందంటే అంతేగా మాస్టారూ.”

ఆయన ల్యాప్‌టాప్ మూసి, మూలనున్న మడతమంచం వాల్చారు. “నడుం వాల్చు. ఆ కథ నేను చెప్తాను. ఊఁ కొట్టు.”

“నాకు టైం లేదు మాస్టారూ, రేపు పొద్దున ఆవిడకి...”

“చీటీ రాసి అంటించమంటావా?”

కౌండిన్య పడుకున్నాడు. చేతులు కట్టుకుని, పరీక్ష రాయబోయేవాడిలా పడుకున్నాడు.

మాస్టారు పక్కన కుర్చీ వేసుకున్నారు. బయట వాన రేకుల మీద మెల్లగా నడుస్తోంది.

“ఒక కొలనులో ఒక చేప ఉండేది.”

“ఊఁ.”

“దానికి వానంటే భయం. తడిసిపోతానని.”

“ఊఁ” అన్నాడు కౌండిన్య. నీళ్ళలో ఉండే చేప ఇంకా ఏం తడుస్తుంది అని అడగబోయి మానేశాడు.

“మబ్బు పట్టినప్పుడల్లా వెళ్ళి కనబడ్డవాళ్ళనల్లా గొడుగు అడిగేది. కప్పని అడిగింది. నా దగ్గర లేదంది కప్ప.”

“ఊఁ.”

“తాబేలుని అడిగింది. నాకున్నది ఒక్కటే, అది వీపుకి అతుక్కుపోయింది అంది తాబేలు.”

“ఊఁ...”

“అలా ఈదుకుంటూ, ఈదుకుంటూ, నీడగా ఉన్న చోటికి వచ్చింది. పైన ఒక తామరాకు. గుండ్రంగా, ఆకుపచ్చగా. చేప మెల్లిగా దాని కిందికి దూరింది.”

“ఊ...”

నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. పైన అద్దంలాంటి ఆకు, ఆకు మీద పసుప్పచ్చ చీటీలు ఒక్కొక్కటే ఊడి పువ్వుల్లా తేలుతున్నాయి. వాటి మీద అక్షరాలు కరిగిపోయి నీళ్ళలో రంగులవుతున్నాయి. ఎవరో గీసిన గీత ఒకటి కొండవాలులా కిందికి పోతోంది. కౌండిన్య దాని మీద కూర్చుని జారుతున్నాడు. జారడం ఎంత హాయిగా ఉంటుందో ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం అనుకున్నాడు. కింద ఇసుక మెత్తగా...

“ఏయ్, ఉన్నావా? వింటున్నావా?”

కౌండిన్య మంచం మీద నుంచి ఎగిరిపడ్డాడు. చెయ్యి తగిలి మంచినీళ్ళ గ్లాసు ఖంగున కింద పడింది. “ఊఁ, ఊఁ, ఊఁ” అన్నాడు ఎవరికి చెప్తున్నాడో తెలియకుండానే.

అతని చెవి దగ్గర ఇంకా వంగి ఉన్న మౌలాలి మాస్టారు, రిటైరైన లెక్చరరు, ఇద్దరు మనవల తాత, ఏమీ ఎరగనట్టు వెనక్కి జరిగి కుర్చీలో సర్దుకున్నారు.

“మూడు ఊఁలు. ఇందాకటి కంటే గట్టిగా కూడా అన్నావు. గీత పైకి లేస్తుంది.”

“ఏంటి మాస్టారూ ఇది?” కౌండిన్య గొంతులో ఏడుపు జీర వినబడింది. అంత పెద్దవాడు, అంత డేటా ఉన్నవాడు, మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

“రేపు మళ్ళీ వస్తావా కథకి?”

“రాను” అనేశాడు.

అని, ఆగిపోయాడు.

వాన రేకుల మీద నడుస్తూనే ఉంది. కౌండిన్య మూసి ఉన్న ల్యాప్‌టాప్ వంక చూశాడు. మాస్టారి వంక చూశాడు. దొర్లిన గ్లాసు వంక చాలాసేపు చూశాడు. అతని కళ్ళ ముందు ఎన్నో ఇళ్ళు కదిలాయి. ఆర్పిన దీపాలు, జోకొడుతూ ఆగిన చేతులు, దుప్పట్ల మధ్య ఉలిక్కిపడి లేచి కూర్చున్న చిన్న చిన్న తలకాయలు.

“పసిపిల్లలు మాస్టారూ” అన్నాడు చివరికి, చాలా చిన్నగా.

మాస్టారు వంగి గ్లాసు తీసి కిటికీలో పెట్టారు. “పడుకో. తామరాకు కింద ఉన్నాం.”

ఈసారి కౌండిన్య చేతులు కట్టుకోలేదు. చెంప కింద పెట్టుకున్నాడు. మాస్టారి గొంతు ఎక్కడో ఒడ్డున నడుస్తున్నట్టు వచ్చింది. ఆకు మీద చినుకు పడిందట. చేప విందట. ఇంకో చినుకు పడిందట. కౌండిన్య ఊఁ అన్నాడో, అనాలనుకున్నాడో అతనికే తెలీదు.

లేచేసరికి వాన వెలిసింది. కిటికీ అవతల సముద్రం మీద పడవల దీపాలు ఒకటీ అరా వెలుగుతున్నాయి. అతని మీద పల్చటి దుప్పటి కప్పి ఉంది. ఫ్యాను వేగం ఎవరో తగ్గించారు. గుమ్మంలో చెప్పులు చప్పుడు కాకుండా పక్కకి జరిపి ఉన్నాయి. మాస్టారు అవతలి గదిలో దీపం వేసుకోకుండా కూర్చుని ఉన్నారు.

కౌండిన్య ముఖం కడుక్కుని వచ్చాడు. ఆయన టీ అందించారు.

“కథ ఎంతవరకు వచ్చింది మాస్టారూ?”

“నీ ఊఁ ఎంతవరకు వస్తే అంతవరకు.”

కౌండిన్య టీ తాగాడు. బండి తీస్తుంటే ఆయన మేడ మీద నుంచి, “రేపు వస్తావా?” అన్నారు. అతను తల పైకెత్తకుండానే వస్తానన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ ఆఫీసులో పొద్దున పని మొదలుపెట్టే ముందు అందరూ గుండ్రంగా నిలబడతారు. కూర్చుంటే కబుర్లు పెరుగుతాయని భయం. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీకు అడ్డం ఏముంది, ఈ మూడే ఒక్కొక్కరూ చెప్పాలి. మర్నాడు అలా నిలబడ్డ వాళ్ళలో నీలవేణి కూడా ఉంది. భుజాన సంచీ ఉంది. రాసి ఉన్నదల్లా పైకి చదవడం ఒకప్పటి ఉద్యోగం కదా, అద్దం మీది చీటీ ఆమె వచ్చీరాగానే చదివేసింది. ఈసారి మాత్రం లోపల్లోపల చదువుకుంది.

కౌండిన్య వంతు వచ్చింది.

“నిన్న ఏం చేశావు?” అంది ఝాన్సీ.

“నిద్రపోయాను.”

గుండ్రంగా నవ్వులు తిరిగాయి. ఝాన్సీ నవ్వలేదు. “పని వేళలోనా?”

“అవును. చిలక పెట్టిన అందరి దగ్గరా ఇవాళే తీసేస్తున్నాను. నీలవేణిగారి కథలు ఉంటాయి. ఊఁ ఆగాక ఫోను ఇంకో రెండు మాటలు చెప్పి, గొంతు తగ్గించుకుంటూ, దానంతటదే ఆరిపోవాలి. ఇక మీదట ఊఁ ఆగిన చోటుని నష్టం కింద రాయొద్దు.”

“ఊరికే అంటే ఎలా? నిన్ను మార్చింది ఏ డేటా?”

నీలవేణి సంచీ పట్టీ సర్దుకుంది.

“నాకోసం లెక్కలు మార్చకు బాబూ” అంది నెమ్మదిగా. “ఒకసారి మైకు లాగేసుకున్నారు, మళ్ళీ దొరికింది. ఇప్పుడూ దొరుకుతుందిలే. పిల్లలు వినట్లేదంటే నా కథలో ఏదో తక్కువ ఉందనేగా. చివరిదాకా వినేవాళ్ళు ఒక్కరూ లేరా?”

“నాకు తెలిసి లేరక్కా.”

“నువ్వయినా విన్నావు కదా. రోజూ ఇంటికెళ్ళి నావన్నీ టెస్టింగు చేస్తానని చెప్పీవోడివి.”

కౌండిన్య చెవులు ఎర్రబడ్డాయి. అందరూ అతని వంకే చూస్తున్నారు. అద్దాల మీద మంచు ఇంకా విడిపోలేదు.

“వినలేదక్కా” అన్నాడు. “పెట్టుకునేవాణ్ణి. దిండు పక్కన పెట్టుకుని ఊఁ కొట్టేవాణ్ణి. మీ కథ ఒక్కటంటే ఒక్కటి కూడా ఎలా పూర్తవుతుందో నాకు తెలీదు. ఆ కింద పడిపోయిన గీతలో రోజూ నేనూ ఉన్నాను.”

నీలవేణి అర్థం కానట్టు చూసింది. “ఏటి, నీకూ విసుగేనా?”

“కాదు. మధ్యలోనే నిద్ర పట్టేసేది. ఇంత పెద్దవాణ్ణి, పైగా ఈ యాప్ చూసేవాణ్ణి, సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.” అతను తల దించుకున్నాడు. “నా ఒక్కడికే అనుకున్నాను.”